చలానా బండికి, బత్తా డ్రైవరుకు: గుంటూరు–మంగళగిరి హైవేపై ఒక రవాణా సంస్థ కేసు

రవాణా సంస్థలకు డ్రైవర్ల శిక్షణ, ప్రమాదాల విచారణ విషయాల్లో సలహాలివ్వడం నా వృత్తి. ఈ కేసులో సంస్థ పేరు, యజమాని వివరాలు, వాళ్లకు పని ఇచ్చిన ఆఫీసు ఏదన్నది రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న సంగతులు కొన్ని మార్చాను. హైవే మీద నిర్లక్ష్యంగా నడిపే అలవాట్లకు శిక్ష ఎంత ఉండాలన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. ఆ శిక్ష చివరికి ఎవరి మీద పడుతోందో, ఎప్పుడు పడుతోందో మాత్రం ఎవరూ పెద్దగా అడగరు. దీన్ని రాయడానికి కారణం అదే.

నేపథ్యం

సంస్థ గుంటూరుది. ముప్పైకి కాస్త లోపు బండ్లు. ఎక్కువ భాగం వ్యాన్లు, కొన్ని కార్లు. గుంటూరు, విజయవాడల నుంచి ఉద్యోగులను షిఫ్టు వేళలకు మంగళగిరి, తాడేపల్లి వైపున్న పనిచోట్లకు చేర్చడం, తిరిగి ఇళ్ల దగ్గర దింపడం వాళ్ల పని. తిరిగేదంతా 16వ నంబరు జాతీయ రహదారి మీదే. పాతకాలం డ్రైవర్లు దాన్ని ఇప్పటికీ ఐదో నంబరు హైవే అనే అంటారు.

ఈ రోడ్డు తెలిసినవాళ్లకు దాని తీరు చెప్పనక్కర్లేదు. ఆరు వరుసలు, మధ్యలో డివైడరు, నున్నటి తారు. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదికి పోతుంది. కానీ పెదకాకాని, నంబూరు, కాజ, చినకాకాని అన్నీ దాన్ని ఆనుకున్న ఊళ్లే. విశ్వవిద్యాలయం ముందు విద్యార్థులు, టోల్‌గేటు దాటగానే ఎక్కడినుంచో వచ్చి చేరే ఆటోలు, కూడలి దగ్గర రోడ్డు దాటే మోటారు సైకిళ్లు. విదేశాల్లో మోటార్‌వే అంటే పాదచారులకూ సైకిళ్లకూ ప్రవేశం లేని దారి. మనది హైవే వేగంతో నడిచే ఊరి రోడ్డు. అక్కడి నియమాలను ఎత్తుకొచ్చి ఇక్కడ పెడితే సగమే అతుకుతాయి.

సమస్య

ఒక వ్యాన్లో వెనక సీట్లో కూర్చున్న ఉద్యోగిని తన ఫోనులో చిన్న వీడియో తీసి ఆఫీసు అధికారులకు పంపింది. నేను చాలాసార్లు చూశాను దాన్ని. ముందు కంటైనర్ లారీ కుడి వరుసలో నింపాదిగా పోతోంది. వ్యాన్ దాని వెనక ఎంత దగ్గరగా ఉందంటే, లారీ వెనక తలుపు మీద రాసిన అక్షరాల పెయింటు పెచ్చులూడటం కూడా కనిపిస్తుంది. డ్రైవరు డిప్పర్ కొడుతూనే ఉన్నాడు. లారీ కదలలేదు. వ్యాన్ ఒక్కసారిగా ఎడమకు కోసుకుని, రోడ్డు అంచుదాకా వెళ్లి, ముందుకు దూసుకుపోయింది. లోపల ఎవరో "అన్నా, నెమ్మది" అన్నారు. డ్రైవరు జవాబివ్వలేదు.

ఆఫీసు నుంచి యజమానికి ఉత్తరం వచ్చింది: నెలలోగా తీరు మారకపోతే ఒప్పందం రద్దు. ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు చంకలో లావుపాటి ఫైలు ఉంది. అన్నీ ఈ-చలానాల ప్రింట్లు.

"చూడండి సార్, ఎన్ని జరిమానాలు కట్టానో. అయినా వీళ్లకు బుద్ధి రాలేదు" అన్నారు.

"కట్టింది ఎవరండీ?"

"నేనే. బండ్లను ఫిట్‌నెస్ పరీక్షకు తీసుకెళ్లేముందు అన్నీ కలిపి ఒకేసారి కట్టేస్తాను."

"ఈ తేదీన ఈ బండి నడిపింది ఎవరు?"

ఆయన మేనేజరుకు ఫోన్ చేశారు. మేనేజరు డ్యూటీ రిజిస్టరు తెచ్చాడు. పేర్లు పెన్సిలుతో రాసి ఉన్నాయి, కొన్ని చెరిపి మళ్లీ రాసినవి. నేనడిగిన తేదీన ఆ వ్యాన్ ఎదురుగా ఇద్దరి పేర్లున్నాయి. ఎవరు ఏ ట్రిప్పు తిప్పారో తెలియదు.

ఫైలు మొత్తం తిరగేశాను. ఒకటి రెండు తప్ప అన్నీ అతివేగానివే. అవి కూడా దాదాపు ఒకే చోట పడినవి. వీడియోలో ఉన్న తప్పు, అంటే లారీని అంటిపెట్టుకుని పోవడం, ఎడమవైపు నుంచి దాటడం, ఫైలులో ఒక్క కాగితం మీదా లేదు. అక్కడే నా మొదటి నిర్ణయం జరిగింది: ఈ చలానాల లెక్కతో డ్రైవర్లను అంచనా వేయకూడదు. కెమెరా ఏది చూడగలదో అదే ఫైలులో ఉంది. ప్రాణం తీసే అలవాటు అందులో లేదు.

చట్టం ఏం చెబుతుంది, ఏం జరుగుతుంది

శిక్షలు లేవని ఎవరూ అనలేరు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 183వ సెక్షన్ కింద అతివేగానికి తేలికపాటి వాహనమైతే 1000 నుంచి 2000 రూపాయలు, మధ్యతరహా లేదా భారీ ప్రయాణికుల, సరుకుల బండి అయితే 2000 నుంచి 4000 వరకు జరిమానా. 184వ సెక్షన్ ప్రమాదకర డ్రైవింగ్ గురించి. నడుపుతూ ఫోన్ చేతిలో పట్టుకోవడం, నిబంధనలకు విరుద్ధంగా దాటడం, ఎదురు దిశలో నడపడం, అంటే మనం రాంగ్ రూట్ అనేది, ఇవన్నీ ఇప్పుడు ఆ సెక్షన్‌లో పేరుపెట్టి చెప్పినవే. మొదటిసారికి 1000 నుంచి 5000 వరకు జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది జైలు గానీ, రెండూ గానీ. ముందు బండికి తగిన దూరం పాటించకపోవడం 2017 డ్రైవింగ్ నిబంధనల ఉల్లంఘన కిందికి వస్తుంది. దానికి 177ఏ సెక్షన్ ప్రకారం 500 నుంచి 1000. రాష్ట్రాలు అక్కడికక్కడే వసూలు చేసే కాంపౌండింగ్ రుసుము వేరుగా ఉండవచ్చు.

ఇబ్బంది ఎక్కడంటే, వేగాన్ని యంత్రం కొలుస్తుంది. దూరాన్ని, దాటిన తీరును మనిషి కళ్లతో చూడాలి. ఆరు వరుసల రోడ్డు మీద పరుగెత్తే వ్యాన్‌ను ఆపి, నువ్వు లారీకి దగ్గరగా వెళ్లావని చెప్పి నిరూపించడం ఏ కానిస్టేబులుకూ తేలిక కాదు. బ్రిటన్‌లో ఈ ఇబ్బందిని గమనించే 2013 ఆగస్టులో ఒక మార్పు తెచ్చారు. ముందు బండిని అంటిపెట్టుకుని నడపడం, ఖాళీగా ఉన్నా ఎడమకు జరగకుండా మధ్య వరుసను పట్టుకుని కూర్చోవడం వంటి నిర్లక్ష్యాలకు కోర్టు దాకా వెళ్లకుండానే పోలీసులు 100 పౌండ్ల స్థిర జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు వేయవచ్చు. మూడేళ్లలో 12 పాయింట్లు చేరితే సాధారణంగా కనీసం ఆరు నెలలు స్టీరింగ్ పట్టే అర్హత పోతుంది. నన్ను ఆకట్టుకున్నది 100 పౌండ్లు కాదు, ఆ పాయింట్లు. అవి బండిని వదిలి మనిషిని పట్టుకుంటాయి. ఉద్యోగం మారినా, బండి మారినా వెంట వస్తాయి.

మన దగ్గర కెమెరా చలానా నంబరు ప్లేటును వెతుక్కుంటూ పోయి యజమాని ఫోనులో మోగుతుంది. సొంత కారు నడిపేవాడికి ఇద్దరూ ఒకరే కాబట్టి సరిపోయింది. జీతానికి నడిపేవాడికి ఆ చలానా సంగతే తెలియదు. అతనికి తెలిసేది బత్తా, అంటే జీతం కాక ట్రిప్పుకు వచ్చే డబ్బు. ట్రిప్పు టైముకు చేరితే బత్తా, చేరకపోతే లేదు.

ముందు చేసినవి, పారనివి

నేను రాకముందే యజమాని ఒక పని చేశారు. చలానా మొత్తాన్ని జీతంలో కోసేశారు. అనుమానం ఉన్న ఇద్దరికీ సగం సగం. డ్రైవర్లు ఒకరోజు పొద్దున బండ్లు తీయలేదు. న్యాయంగా చూసినా వాళ్లదే ఒప్పు. వేతనాల చట్టం ప్రకారం యజమాని వేసే జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. అదీ కారణం చెప్పుకునే అవకాశం ఇచ్చాకే. వసూలైన సొమ్ము కార్మికుల మేలుకే ఖర్చు చేయాలి. 18,000 జీతగాడికి 3 శాతమంటే 540 రూపాయలు. అతివేగం చలానా ఒక్కటి కూడా అందులో ఇమడదు. ఈ సంగతి యజమానికే కాదు, ఆయన లెక్కలు చూసే అకౌంటెంటుకూ కొత్తే.

ఆ కోత వల్ల జరిగిన నష్టం డబ్బును మించింది. ఒక వ్యాన్ వెనక ప్లేటు మీద రెండు అంకెలకు సరిగ్గా బురద అంటుకుని ఉంది, వాన లేని నెలలో. బండ్ల వేగాన్ని చూపించే జీపీఎస్ గీతలు ఇంకా ముచ్చటగా ఉన్నాయి. కెమెరా ఉన్న చోటుకు కాస్త ముందు గీత 98 నుంచి 76కు జారుతుంది. అది దాటాక నిమిషం తిరక్కుండా మళ్లీ 100. అన్ని బండ్లదీ ఒకటే ఆకారం. నిజానికి ఇంత మంది ఒకేచోట బ్రేకు వేయడం వెనక వచ్చేవాడికి కొత్త ప్రమాదం. మరో సంగతి కూడా ఆ గీతే చెప్పింది. అద్దెకు తిరిగే ఇలాంటి వ్యాన్లకు 80 దాటకుండా స్పీడ్ గవర్నర్ ఉండాలి. 98 అనే అంకె కనిపించిందంటే దాన్ని ఎవరో విప్పేశారన్నమాట. మెకానిక్‌ను పిలిపించి చూపిస్తే, అతను నవ్వి ఊరుకున్నాడు.

రెండోది, వేగం 80 దాటితే యజమాని ఫోనుకు సందేశం వచ్చే ఏర్పాటు. జీపీఎస్ అమ్మినవాళ్లే ఉచితంగా పెట్టారు. కొద్ది రోజులు ఆయన ప్రతి సందేశానికీ ఫోన్ చేసి తిట్టారు. నడుపుతున్న డ్రైవరుకు ఫోన్ చేసి, వేగం తగ్గించమని చెప్పడం! తర్వాత ఆ మోత భరించలేక సౌండు తీసేశారు. డ్రైవర్లకు ఆ సంగతి ఆ సాయంత్రానికే తెలిసింది.

భద్రతా వారోత్సవంలో ప్రతిజ్ఞ చేయించడం, గోడకు పోస్టర్లు అంటించడం కూడా జరిగాయి. వాటి గురించి రాయడానికి ఏమీ లేదు.

తొందర ఎక్కడ పుడుతోంది

శిక్షల జాబితా రాసేముందు నేను కొన్నాళ్లు పొద్దున షిఫ్టు వ్యాన్లలో వెనక సీట్లో కూర్చుని తిరిగాను. వయసులో పెద్దవాడైన ఒక డ్రైవరు ఉన్నాడు, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి. అరండల్‌పేటలో ఒక ఇంటి ముందు బండి ఆపి హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. వాచీ చూసుకున్నాడు. నాలుగైదు నిమిషాలకు ఒకాయన టిఫిన్ డబ్బా మూత బిగించుకుంటూ వచ్చాడు. లక్ష్మీపురంలోనూ అదే కథ. హైవే ఎక్కేసరికి బండి ఆలస్యం. బాబాయ్ మాట్లాడటం మానేశాడు, కాలు కిందికి దిగింది.

తర్వాత టీ తాగుతూ అడిగాను. "ఆలస్యమైతే ఏమవుతుంది బాబాయ్?"

"పది నిమిషాలు దాటితే ఆఫీసువాళ్లు ట్రిప్పు డబ్బుల్లో సగం కోస్తారు సార్. ఓనరు మా బత్తా ఆపేస్తాడు. ఇంట్లోంచి లేటుగా వచ్చినవాళ్లకు ఏమీ లేదు."

కాగితం మీద లెక్క వేసి చూపించాను. గుంటూరు దాటాక హైవే మీద 20 కిలోమీటర్లు అనుకుందాం. 80తో వెళ్తే 15 నిమిషాలు, 100తో వెళ్తే 12. అంత ప్రమాదానికి మిగిలేది 3 నిమిషాలు. అది కూడా కాజ టోల్‌గేటు దగ్గర ముందు బండి ఫాస్టాగ్ పని చేయకపోతే అక్కడే పోతుంది. బాబాయ్ లెక్క ఒప్పుకున్నాడు. "కానీ సార్, ఆ మూడు నిమిషాలకే బత్తా ఉంది కదా" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అతను చెప్పింది నిజం. వేగానికి చలానా ఎప్పుడో ఒకసారి, అదీ వేరేవాళ్లకు. ఆలస్యానికి కోత ప్రతిరోజూ, నేరుగా అతనికి. ఇంతకంటే గట్టి శిక్ష నేను ఏది రాసినా ఆ కోత ముందు నిలవదు. అందుకే జాబితా పక్కన పెట్టి, ముందు ఒప్పందం సంగతి చూద్దామన్నాను. యజమాని జంకారు. పని ఇచ్చేవాళ్లతో బేరమాడటం ఎలాగని ఆయన భయం. వీడియో మీద ఉత్తరం రాసింది వాళ్లే కాబట్టి, వాళ్ల ఉత్తరాన్నే ఆధారంగా పెట్టి అడుగుదామన్నాను.

ఆఫీసు ఒప్పుకున్నది ఇది: ఎక్కే చోట బండి మూడు నిమిషాలకు మించి ఆగదు. ఎవరివల్ల ఆలస్యమైందో రిజిస్టరులో పడుతుంది. హైవే మీద వేగ పరిమితి పాటిస్తూ వచ్చినట్టు జీపీఎస్ చూపిస్తే ఆలస్యానికి కోత ఉండదు. బండ్లు పది నిమిషాలు ముందు బయల్దేరతాయి. ఉద్యోగులు మొదట్లో గొణిగారు. ఒకరిద్దరు బండి తప్పిపోయి ఆర్టీసీ బస్సెక్కి వచ్చాక, మిగిలినవాళ్లు వీధి చివర ముందే నిలబడటం మొదలుపెట్టారు.

పని చేసిన శిక్షలు

అప్పుడు శిక్షల దగ్గరికి వచ్చాం. మొదట పెన్సిలు రిజిస్టరు పోయింది. తాళం తీసుకునేటప్పుడు, ఇచ్చేటప్పుడు డ్రైవరు పెన్నుతో సంతకం, టైము. దీనికి చట్టం వైపు నుంచి కూడా అవసరం ఉంది. 133వ సెక్షన్ ప్రకారం పోలీసులు అడిగితే ఆ సమయంలో నడిపింది ఎవరో, లైసెన్సు వివరాలతో సహా చెప్పాల్సిన బాధ్యత యజమానిది. నాకు తెలియదు అనడం జవాబు కాదు. కెమెరా కేసుల్లో నోటీసు 15 రోజుల్లోగా పంపాలని 2021లో చేర్చిన 167ఏ నిబంధన చెబుతుంది కాబట్టి, రిజిస్టరు సరిగా ఉంటే మనిషిని పట్టుకోవడం కష్టం కాదు.

శిక్షల మెట్లు మూడు పెట్టాం. ఏ మెట్టయినా ఆ రోజు సాయంత్రమే జరగాలన్నది అన్నింటికంటే ముఖ్యమైన షరతు. నెలాఖరున చెప్పే మాట డ్రైవరు గుర్తుపెట్టుకున్న రోడ్డుకు అతకదు.

మొదటి మెట్టు: తాళం అప్పగించేటప్పుడు సూపర్‌వైజరు పక్కన కూర్చోబెట్టుకుని ఆ ట్రిప్పు గీత చూపిస్తాడు. తిట్టడు. "ఇక్కడ ఏం జరిగింది?" అని మాత్రమే అడుగుతాడు. క్షణకాలం 80 దాటినదాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆగకుండా కొంతసేపు దాటితేనే. రెండో మెట్టు: వారం పాటు హైవే ట్రిప్పులు ఉండవు, ఊళ్లో ట్రిప్పులే. జీతం మొత్తం వస్తుంది, హైవే బత్తా రాదు. జీతంలో కోతకూ దీనికీ తేడా ఉందా అన్నది న్యాయవాదిని అడిగి, ఆయన సూచన మీద డ్యూటీ మార్పును నియామక పత్రంలో రాయించాకే అమలు చేశాం. మూడో మెట్టు: పోలీసులు అడిగినప్పుడు కాచుకోకుండా పేరు ఇవ్వడం, లైసెన్సు మీద చర్యకు అడ్డుపడకపోవడం. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015లోనే అతివేగం, నడుపుతూ ఫోన్ వంటివాటికి కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపివేయాలని రాష్ట్రాలకు చెప్పింది. మూడు నెలలు లైసెన్సు లేకపోవడమంటే ఆ ఇంట్లో మూడు నెలలు పొయ్యి వెలగడం కష్టం. అందుకే దాన్ని చివర పెట్టాను. ఇప్పటిదాకా అక్కడికి ఒక్కరే వెళ్లారు, ఆయన ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు.

డ్రైవర్లకు ఎక్కువ తగిలింది రెండోదే. బత్తా పోవడం ఒకటి. ఊళ్లో ట్రిప్పులకు ఎందుకు వేశారో షెడ్డులో అందరికీ తెలియడం ఇంకొకటి.

అంటిపెట్టుకుని నడపడాన్ని పట్టుకోవడం మాత్రం చిక్కే. జీపీఎస్ పెట్టెలో గట్టి బ్రేకులు నమోదవుతాయి. దగ్గరగా పోయేవాడు ఎక్కువసార్లు గట్టిగా బ్రేకు వేస్తాడు కాబట్టి, దాన్నే గుర్తుగా తీసుకుందామనిపిస్తుంది. జాబితా తీస్తే అందరికంటే పైన ఉన్న పేరు బాబాయ్‌ది. అతను సాయంత్రం కళాశాలలు వదిలే వేళ చినకాకాని మీదుగా వచ్చే ట్రిప్పు నడుపుతాడు. ఆ బ్రేకులన్నీ మ్యాపు మీద పెడితే ఒకే కూడలి దగ్గర గుంపుగా పడ్డాయి. ఎదురుగా పిల్లలు రోడ్డు దాటుతుంటే బ్రేకు వేయని డ్రైవరును నేను పనిలో పెట్టుకోను. అందుకని బ్రేకు లెక్కకు శిక్ష పెట్టలేదు. కూడలి లేనిచోట గట్టి బ్రేకు పడితేనే సూపర్‌వైజరు అడుగుతాడు, ముందు అద్దానికి పెట్టిన కెమెరా దృశ్యం చూస్తాడు.

దూరం అలవాటు చేయడానికి వాళ్లతో గట్టిగా లెక్కపెట్టించాను. ముందు లారీ ఒక బోర్డు స్తంభాన్ని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అనాలి. అలా అనడానికి రెండు సెకన్లు పడుతుంది. అది పూర్తికాకముందే మన బండి స్తంభం దగ్గరికి వస్తే దగ్గరగా ఉన్నట్టు. 80 వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. రెండు సెకన్లంటే 44 మీటర్లు. వీడియోలో ఉన్న దూరానికి అర సెకను కూడా లేదు. అంత దూరం వదిలితే మధ్యలో కారు దూరుతుందని అందరూ అభ్యంతరం చెప్పారు. దూరుతుంది, నిజమే. మళ్లీ కాస్త వెనక్కి తగ్గాలి. దాని ఖరీదు కొన్ని సెకన్లు. దీనికి ఒప్పుకున్నవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు నేను పక్కన ఉంటే లెక్కపెడతారు.

రాంగ్ రూట్ మాత్రం శిక్ష లేకుండానే పోయింది. బండ్లు నిలిపే స్థలం ఒకవైపు సర్వీసు రోడ్డు మీద, డీజిల్ పోసుకునే బంకు అదే వైపు వెనక్కి ఉంది. సరైన దారిలో వెళ్లాలంటే చాలా దూరం పోయి తిరిగి రావాలి. అందుకే పొద్దున ఎదురుగా నడిపేసేవాళ్లు. సాయంత్రం తిరిగి వచ్చే దారిలో పడే వేరే బంకులో ఖాతా తెరవమన్నాను. యజమానికి పాత బంకులో అప్పు ఖాతా ఉంది, వదులుకోవడానికి కొంత సమయం పట్టింది. ఖాతా మారిన నాటి నుంచి ఆ తప్పు కనిపించలేదు. జరిమానా వేసి ఉంటే బురద ఇంకో ప్లేటుకు అంటేది.

ఇతరులకు పనికొచ్చేది

ఇలాంటి సంస్థకు సలహా ఇచ్చేవాళ్లు శిక్షల పట్టిక అడిగితే వెంటనే ఇవ్వకండి. ముందు ఒక నెల ఆలస్యపు కోతల లెక్క, ఒక నెల చలానాల లెక్క పక్కపక్కన పెట్టించండి. ఏది ఎవరి జేబులోంచి, ఎన్ని రోజులకు పోయిందో చూడండి. ఈ సంస్థలో ఆ రెండు కాగితాలే యజమానిని మార్చాయి. నా మాటలకు ఆయన అంతగా కదల్లేదు.

గవర్నర్లు మళ్లీ బిగించాం, సీలు వేయించాం. ఆఫీసు ఒప్పందం నిలిచింది. కుడి వరుస వదలని లారీలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటి మీద ఈ సంస్థకు అధికారం లేదు. ఎడమ నుంచి దాటడం తగ్గింది కానీ పోలేదు. నేను డ్రైవర్లకు చెప్పగలిగింది ఒక్కటే: లారీ జరగకపోతే దాని వెనక రెండు సెకన్ల దూరంలో ఉండిపోండి, ఆలస్యానికి ఇప్పుడు కోత లేదు కదా అని.

తేలనిది యాక్టింగ్ డ్రైవర్ల సంగతి. పెళ్లిళ్ల నెలల్లో, పండగలకు సొంత డ్రైవర్లు సెలవు పెడితే రోజు కూలికి ఎవరినో ఒకరిని పిలుస్తారు. అతనికి సాయంత్రం గీత చూపించడం కుదరదు, మర్నాడు రాడు. బత్తా ఆపడానికి అతనికి బత్తా వేరుగా లేదు. ప్రస్తుతానికి వాళ్లను హైవే ట్రిప్పులకు వాడవద్దని, ఊళ్లో ట్రిప్పులకే పంపమని రాసిచ్చాను. మాఘమాసంలో బండ్లు ఎన్ని ఆగిపోతాయో చూసి మాట్లాడదామన్నారు యజమాని.